టామస్‌తో వరంగల్లు ఎండలో

వరంగల్లు వెళ్ళివచ్చినవాళ్ళు మామూలుగా వేయిస్తంభాల గుడి గురించి, కోట గురించి రాస్తారు. ఆ రెండూ నేనూ చూశాను. జీపులోంచి, ఒకటి ఎడమ పక్కన, ఒకటి కుడి పక్కన. స్తంభాలు లెక్కపెట్టలేదు. వాటి కోసం ఈ పేజీ తెరిచినవారు ఇక్కడితో ఆగిపోతే నాకేమీ బాధ లేదు. నేను వెళ్ళింది ఎండ పని మీద. మే నెల కావడం వల్ల అది ఎక్కడా కొరత పడలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. హైదరాబాదులో ఆరోగ్య ప్రచారం చేసే ఒక ఆఫీసులో నినాదాలు రాయడం నా ఉద్యోగం. దోమల మీద, మరుగుదొడ్ల మీద, ఇద్దరు పిల్లల మీద ఒకే ఉత్సాహంతో రాశాను. నాకు పిల్లలు లేరు కాబట్టి ఆ మూడో అంశం మీద నా నడవడిక ఆదర్శప్రాయం.

ఒకరోజు ఏదో దూరదేశం నుంచి స్నేహపూర్వక కానుకగా ఐదు వందల పోస్టర్లు వచ్చాయి. అక్కడివాళ్ళది మరీ తెల్లటి చర్మమట. సెలవులొస్తే సముద్రం ఒడ్డున బట్టలు విప్పి ఎండలో పడుకుంటారట. దానివల్ల కొందరికి చర్మం మీద కాన్సరు పుడుతోందని అక్కడి ప్రభుత్వం ప్రకటనలు మొదలుపెట్టింది. చొక్కా వేసుకోండి, టోపీ పెట్టుకోండి, నీడలో ఉండండి, మానని పుండు ఉంటే డాక్టరుకు చూపించండి. బొమ్మలో సముద్రం ముందు గులాబీ రంగు మనిషొకడు కుర్చీలో కూర్చుని నవ్వుతుంటాడు. తెల్ల జుట్టు, తెల్ల కనురెప్పలు, పెద్ద అంచు టోపీ, నిండు చేతుల చొక్కా, పైన చారల గొడుగు. ఒక మూల చిన్న చదరంలో అతని చెవి. చెవి అంచున ఒక పుండు, దాని చుట్టూ ఎర్రటి వలయం.

మా పై అధికారి దాన్ని చాలాసేపు చూసి, “మనకు ఎండ బాగా ఎక్కడుంటుంది?” అన్నారు. ఎవరో వరంగల్లు అన్నారు. అలా నా ప్రయాణం ఖాయమైంది.

నేను తెలుగు మాటలు రాసి, చీటీలు అచ్చువేయించి, పోస్టర్ల కింద అంటించాను. అంటిస్తూ అంటిస్తూ ఆ మనిషికి టామస్ అని పేరు పెట్టుకున్నాను. ఐదు రోజులు కలిసి ఉండాల్సినవాడికి పేరు లేకపోతే బాగుండదు. బయల్దేరేటప్పుడు ఇంటికి తాళం వేశాను. తాళంచెవి ఎవరికిచ్చి వెళ్ళాలన్న ప్రశ్న, మా ఆవిడ పోయినప్పటినుంచి, అంటే అప్పటికి నాలుగేళ్ళుగా, మా ఇంట్లో లేదు.

కాజీపేట

మిట్టమధ్యాహ్నం కాజీపేటలో దిగాను. అది రైల్వే ఊరు. ప్లాట్‌ఫారం మీద కనిపించినవాళ్ళంతా డ్యూటీకి పోతూనో, డ్యూటీ దిగి ఇంటికి పోతూనో ఉన్నారు. రెండూ కానివాణ్ణి నేనొక్కణ్ణే. మాది కాకినాడ కావడం వల్ల కాఫీ అడిగాను.

“కాఫీ అంటె జెర టైం పడుతది సార్,” అన్నాడు టీ కొట్టతను.

“ఎంత?”

“రేపటిదాక.”

టీ తాగాను. నలభై పైసలు. బాగానే ఉంది.

జీపు బయట వేపచెట్టు కింద ఉంది. డ్రైవరు పేరు యాదగిరి. ఇంచుమించు నా వయసే, అంటే నలభై దాటింది. తలకు ఎర్ర రుమాలు చుట్టుకున్నాడు. చొక్కా జేబులో కలం ఉండాల్సిన చోట ఒక ఉల్లిగడ్డ ఉంది.

“అదెందుకండీ?” అన్నాను.

“వడదెబ్బకు సార్. జేబుల ఉల్లిగడ్డ ఉంటె ఎండ దాన్నే గుంజుకుంటది, మనిషిని ఇడిసిపెడుతది.”

“నిజంగానా?”

“నేనింక బతికే ఉన్న గద సార్.”

దీన్ని కాదనే సమాచారం మా ఆఫీసులో లేదు. పోస్టరు ఒకటి విప్పి చూపించాను. యాదగిరి తల పక్కకు వంచి చూశాడు.

“ఎవలు సార్ ఈయన?”

“ఎండలో పడుకోవద్దని చెబుతున్నాడు.”

“ఎవలు పన్నరు?”

నేను అటూ ఇటూ చూశాను. నిజమే, ఎవరూ పడుకోలేదు. మనుషులు, కుక్కలు, రెండు గేదెలు, అందరూ నీడలోనే ఉన్నారు.

హనుమకొండ

చౌరస్తాలో ఒక బట్టల కొట్టు గోడ మీద మొదటి పోస్టరు అంటించాం. మైదా జిగురు ఉడికించి, డబ్బాలో పోసి, చీపురుకట్టతో పూయడం యాదగిరి పని. పోస్టరు నిటారుగా ఉందో లేదో దూరంగా నిలబడి చెప్పడం నా పని. కాలేజీలో చదివినదంతా ఇందుకు సరిగ్గా సరిపోయింది.

కొట్టు షావుకారు బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

“ఏం అమ్ముతాండు సార్ ఈయన?”

“ఏమీ అమ్మడండి.”

“ఏం అమ్మకపోతె మరెందుకు నవ్వుతాండు?”

ఈ ప్రశ్న నన్ను ఐదు రోజులూ వదల్లేదు. నా మొహం చూసి షావుకారే జాలిపడ్డాడు. “సరె, ఉండనియ్యున్రి. గని అసొంటి చారల ఛత్రి మా దుకాణంల లేదు. రేపు గిరాకి అచ్చి గదే గావాలంటె నేనేం జెప్పాలె?”

మా వైపు మగవాళ్ళు ఎండకు గొడుగు వేసుకుని నడుస్తారు. ఇక్కడ గొడుగు వానకే. ఎండకు రుమాలు. మొదట అనాగరికంగా తోచింది కాని సాయంత్రానికి తత్వం తెలిసింది. గొడుగు పట్టుకున్నవాడికి ఒక చెయ్యి పోతుంది. ఇక్కడ నేను చూసిన మనుషులెవరికీ అలా వదిలేసుకోగలిగిన చెయ్యి లేదు.

సాయంత్రం యాదగిరి “పొద్దుగాలస్త సార్, మా మేనత్త ఇల్లు ఈడనే,” అని వెళ్ళిపోయాడు. లాడ్జి గది రోజుకు పదిహేను రూపాయలు. కిటికీ ఉంది, దాని అవతల గోడ ఉంది. హోటల్లో నాలుగు రూపాయల భోజనం. చారు అనుకుని పోసుకున్నది పచ్చిపులుసు. ఉడకబెట్టని చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయలు. అలాంటిది మనుషులు తినగలరని అప్పటిదాకా నాకు తెలియదు. మూడుసార్లు పోయించుకున్నాను. ఇంటికి వెళ్ళాక చెప్పాలనుకుని, ఎవరికో గుర్తురాక, వడ్డించినతనికే చెప్పాను. “మస్తుంటది సార్,” అని అతను పక్క బల్లకు వెళ్ళాడు.

గదిలో టామస్‌ను కుర్చీకి ఆనించి కూర్చున్నాను. అతని వెనక సముద్రం నీలంగా ఉంది. మా ఊరి సముద్రం అంత శుభ్రంగా ఉండదు. అయినా చాలాసేపు చూశాను.

మడికొండ

రెండో రోజు పట్నంలోనే గోడలన్నీ తిరిగాం. మూడో రోజు మడికొండ. జీపు మీద లౌడ్‌స్పీకరు కట్టి, మైకు చేత పట్టుకుని, జీపు ముందు వీధి వీధీ నడుస్తూ నేనే ప్రకటన చేశాను. “ఎండలో తిరగకండి. నీడపట్టున ఉండండి. తల మీద గుడ్డ కప్పుకోండి.” వింటున్నవాళ్ళంతా అరుగుల మీద, పందిళ్ళ కింద, తలల మీద గుడ్డలు కప్పుకుని కూర్చుని ఉన్నారు. ఊరి మొత్తం మీద ఎండలో, తల మీద గుడ్డ లేకుండా తిరుగుతున్నది నేనొక్కణ్ణే.

నాలుగో వీధిలో పడిపోయాను.

కళ్ళు తెరిచేసరికి ఒక ముసలమ్మ నా అరికాళ్ళకు దంచిన ఉల్లిగడ్డ రుద్దుతోంది. యాదగిరి తన జేబులోదే ఇచ్చాడట. ఖాళీ జేబుతో దూరంగా నీడలో నిలబడి నా వైపు చూస్తున్నాడు.

“ఎండల తిరగద్దని చెప్పనీకె ఇంత ఎండల తిరుగుతానవా బిడ్డా?” అంది ముసలమ్మ. “గదేందో పొద్దుగాలనె చెప్పి పోరాదు?”

మా ఆఫీసులో ఎవరికీ తోచని విషయం అది. చల్లటి అంబలి తాగించింది. కాసేపయ్యాక ఒక సర్వపిండి ముక్క పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నె లోపలి గోడలకే ఒత్తి కాలుస్తారు. మా వైపు ఇలాంటిది లేదు. లేకపోవడం మా లోపం.

“ఇంటికాడ ఎవలున్నరు బిడ్డా?”

“ఎవరూ లేరమ్మా.”

“గందుకే,” అంది. ఆమెకు జబ్బు కారణం దొరికినట్టుంది.

కల్లం

నాలుగో రోజు పొద్దున్నే ములుగు దాటి మేడారం వైపు అడవి ఊళ్ళకు వెళ్ళాం. మే నెలలో అక్కడ తునికాకు పని. అది బీడీలు చుట్టే ఆకు. జనం చీకటితోనే అడవికి పోయి ఆకు తెంపుతారు. యాభై ఆకులకో కట్ట కట్టి మధ్యాహ్నానికి కల్లానికి మోసుకొస్తారు. కల్లమంటే చెట్టూ గడ్డీ లేని చదును నేల. అక్కడ కట్టలను వరసలుగా పరిచి వారం రోజులు ఎండబెడతారు. రోజూ ఒక్కొక్క కట్టనూ తిప్పివెయ్యాలి. కావాలని ఎండలో పడుకునేవాళ్ళ కోసం మూడు రోజులు జిల్లా అంతా వెతికాను. చివరికి దొరికినవి ఈ ఆకులు.

కల్లం చివర ఒక తడికల కొట్టం ఉంది. దాని గోడకు టామస్‌ను అంటించాం. కట్టలు దింపడానికి వచ్చిన ఆడవాళ్ళు చుట్టూ చేరారు. అంతవరకు ఏ ఊళ్ళోనూ అంతమంది చేరలేదు. నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. తీరా చూస్తే వాళ్ళు పోస్టరును ఒకసారి, కల్లం మధ్యలో వంగి కట్టలు తిప్పుతున్న ఒక మనిషిని ఒకసారి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు.

“దొరసానీ, ఓ దొరసానీ,” అని ఒకామె కేకేసింది. “సర్కారోళ్ళు నీకు పిలగాన్ని తోలుకచ్చిన్రే. జీపుల వెట్టుకొని అచ్చిన్రు.”

“ఫొటో ముంగట తోలిన్రు, పిలగాడు ఎనుక అస్తాండు,” అంది ఇంకొకామె.

వంగి ఉన్న మనిషి తల ఎత్తలేదు. వరస పూర్తిచేస్తోంది.

ఆమె పేరు సారక్క. పాతికేళ్ళుంటాయి. పుట్టుకతోనే ఒంటికి రంగు లేదు. జనపనార లాంటి జుట్టు, తెల్లని కనురెప్పలు, వెలుతురుకు చికిలించుకుపోయిన కళ్ళు, కంది ఎర్రబడిన చర్మం. టామస్‌కు చెల్లెలని చెబితే నమ్మేలా ఉంది. కూలికి వచ్చిన మనిషిని ఆ ఊరు దొరసాని అని పిలుస్తోంది. ఎన్నేళ్ళుగా పిలుస్తోందో, అందులో పదును అరిగిపోయినట్టు మామూలుగా పిలుస్తోంది.

ఇంతలో ఆమె తల్లి లచ్చమ్మ అడవి నుంచి మూటతో వచ్చింది. నలుపు మనిషి, పీలగా ఉంది. మూట దింపి, ముందు నవ్వుతున్నవాళ్ళను చూసి, తర్వాత పోస్టరు దగ్గరికొచ్చి నిలబడింది. ఆమె నవ్వలేదు.

“అయ్యా, ఈ పిలగాడు ఏ ఊరు?”

అప్పుడు నాకు అర్థమైంది. మిగతావాళ్ళది ఎగతాళి. ఆమెది ఎగతాళి కాదు. వాళ్ళ పక్క సంబంధం కుదర్చాలంటే పెద్దమనిషి ఒకడు ముందు ఫొటో పట్టుకుని ఊరికి వస్తాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, జీపు దిగి, ఫొటో తెచ్చాను. పొరపాటు నాదే.

“మన దేశం కాదమ్మా. సముద్రాల అవతల.”

“దూరమైతె ఏంది? లగ్గమైతదంటె దూరమా?”

“ఆయనకు పెళ్ళయిపోయిందమ్మా,” అన్నాను. టామస్ కుటుంబ విషయాలు నాకేమీ తెలియవు. ఆమె మొహం చూడలేక చెప్పాను.

ఆమె మొహం మాత్రం నేననుకున్నట్టు వాడిపోలేదు. “అయిందా?” అంది. “గిట్లుండి గూడ పిల్లనిచ్చిన్రన్నట్టు.” వెనక్కి తిరిగి నవ్వుతున్నవాళ్ళతో గట్టిగా చెప్పింది. “అయిందట. ఇన్నరా?”

సారక్క వరస పూర్తిచేసుకుని వచ్చింది. అలాంటివాళ్ళకు చూపు తక్కువ. పోస్టరుకు జానెడు దూరం దాకా వచ్చి, మొహం ఆనించినట్టే పెట్టి చూసింది. జుట్టు చూసింది, రెప్పలు చూసింది. తనలాంటి ఇంకో మనిషిని ఆమె పుట్టాక చూడలేదని లచ్చమ్మ తర్వాత చెప్పింది. నా చుట్టూ నాలాంటివాళ్ళు కోట్లమంది ఉన్నారు కాబట్టి ఆ చూపు ఎలాంటిదో నేను పూర్తిగా చెప్పలేను.

తర్వాత ఆమె వేలు మూలనున్న చిన్న చదరం మీదికి పోయింది. ఎర్ర వలయం మీద ఆగింది.

“ఈయనకు గూడ గీడ్నేనా?”

తలమీది కొంగు వెనక్కి తీసింది. ఎడమ చెవి పై అంచున చింతగింజంత పుండు. అంచులు పైకి లేచి, మధ్యలో పొక్కు కట్టి ఉంది. వంగి కట్టలు తిప్పేటప్పుడు కొంగు జారి ఎండ తగిలేది సరిగ్గా అక్కడే.

“ఎన్నాళ్ళయిందమ్మా?”

“రెండేండ్లు. మానుతది, మల్ల లేస్తది.” ఆమె ఇంకా టామస్‌నే చూస్తోంది. “ఆయనకు తగ్గిందా?”

పదకొండేళ్ళ ఉద్యోగంలో నా పోస్టరు మీద ఒక మనిషి ప్రశ్న వెయ్యడం అదే మొదలు. టామస్ డబ్బు తీసుకుని ఫొటోకు కూర్చున్నవాడై ఉంటాడు. ఆ వలయం బొమ్మ వేసినవాళ్ళు గీసినది. పుండు కూడా గీసిందే కావచ్చు.

“తగ్గింది,” అన్నాను. “ముందుగానే డాక్టరుకు చూపించాడు. కొంచెం కోసి తీసేశారు.”

“మల్ల లేవలేదా?”

“టోపీ పెట్టుకుంటున్నాడు కదా.”

ఆమె టోపీ చూసింది. ఒక్క గంటలో రెండు అబద్ధాలు, రెండూ ప్రభుత్వ ఖర్చు మీద. కాని ఆ పోస్టర్లతో పాటు వచ్చిన చిన్న పుస్తకం నేను రైల్లో చదివాను. చదవడానికి ఇంకేమీ లేక చదివాను. ఒంటికి రంగు లేనివాళ్ళకు ఎండ వల్ల వచ్చే మానని పుండును వదిలెయ్యకూడదని అందులో ఒక పేజీ ఉంది. తల్లీకూతుళ్ళతో ఉన్నదున్నట్టు చెప్పాను. “ఇది మామూలు పుండు కాకపోవచ్చమ్మా. వదిలేస్తే చెవితో ఆగదు. లోపలికి పోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. రేపు పొద్దున ఏడింటికి వరంగల్లు వెళ్తున్నాం. జీపులో రండి, దవాఖానలో చూపిద్దాం.”

కల్లం అజమాయిషీ చేసే కల్లేదారు మంచం మీద నుంచే అన్నాడు. “ఆకు ఇంక పదిరోజులే సార్. గీ పదిరోజుల కైకిలి కూలి ఇడిసి ఏడికి పోతది? చెవికి పుండైతె ఏమాయె, చెవుతోని తిప్పుతమా కట్టలు?”

అందరూ నవ్వారు. సారక్క కూడా కొంచెం నవ్వింది. కొంగు కప్పుకుని ఇంకో వరసలోకి వెళ్ళిపోయింది. వస్తానని అనలేదు, రానని అనలేదు.

“మీరైనా చెప్పండమ్మా,” అన్నాను లచ్చమ్మతో.

“నేనేం జెప్పాలె అయ్యా. ఇప్పటిదాక ఎవలెవలో దానికి శాన జెప్పిన్రు.”

సాయంత్రం మక్క గటక, అంటే మొక్కజొన్న రవ్వ సంకటి, మామిడికాయ తొక్కు పెట్టారు. తర్వాత పసుప్పచ్చని తునికిపండ్లు ఇచ్చారు. ఆకు ఒక్కటే తెలిసినవాళ్ళకు ఆ చెట్టు ఇంత తీపి పండు కాస్తుందని తెలియదు. ఆ ఊళ్ళో యాదగిరికి మేనత్త లేదు. అతను జీపులో, నేను కొట్టం బయట టామస్ కింద మంచం మీద పడుకున్నాం.

పొద్దున ఏడయింది. ఎవరూ రాలేదు. యాదగిరి జీపు అద్దం తుడిచాడు. ఏడుంపావుకు మళ్ళీ తుడిచాడు. మూడోసారి తుడుస్తుంటే, అద్దం బాగానే ఉంది కదా అన్నాను.

“దుమ్ము సార్,” అన్నాడు, దుమ్ము లేని అద్దం మీద గుడ్డ తిప్పుతూ.

ఏడున్నరకు లచ్చమ్మ సద్ది మూటతో వచ్చింది. వెనక సారక్క. ఆమె తల మీద ఒక టోపీ ఉంది. విస్తరాకులు కుట్టినట్టే మోదుగాకులను సన్నటి పుల్లలతో గుచ్చి కుట్టింది. ముందు భాగం అచ్చం టామస్ టోపీలాగే ఉంది. వెనక మాత్రం అంచు జారి, చెవులు కప్పి, మెడ మీదికి దిగింది.

“ఏందే గిది?” అన్నాడు యాదగిరి.

“ఆయనది జూసి కుట్టిన. ఎనుక ఎట్లుంటదో బొమ్మల లేదు. నాకు తోచినట్టు కుట్టిన.”

నాలుగు రోజులు, కొన్ని వందల గోడలు. నా పోస్టరు చెప్పిన పని చేసిన మొదటి మనిషి ఆమె. టామస్ టోపీ అతని చెవులు కప్పదు. ఈ టోపీ కప్పుతుంది.

“లాగ్‌బుక్కుల ఏం రాయాలె సార్?” యాదగిరి గొంతు తగ్గించి అడిగాడు. ప్రభుత్వ జీపులో బయటి మనుషులను ఎక్కించకూడదు.

“పోస్టర్లని రాయండి.”

మేడారం

లచ్చమ్మ అడిగితే మేడారంలో ఆగాం. రెండేళ్ళకోసారి జాతరకు లక్షలమంది వచ్చే చోటు. ఆ రోజు అక్కడ మేం నలుగురం, ఒక మేక. అంత పెద్ద ఖాళీని నేను అంతకుముందు చూడలేదు. జనం వస్తారని తెలిసిన ఖాళీ కాబట్టి దానికి బెంగ ఉన్నట్టు లేదు.

అక్కడ మొక్కు అంటే మనిషి ఎత్తు బెల్లం తూచి తల్లులకు ఇవ్వడం. దాన్ని బెల్లం అనకూడదు, బంగారం అనాలి. కూతురి ఒంటికి రంగు రావాలని లచ్చమ్మ మూడు జాతర్లలో ఆమె ఎత్తు బంగారం ఇచ్చింది. పిల్ల పెరిగేకొద్దీ బరువు పెరిగింది. మూడోదానికి మేకలు అమ్మారు.

గద్దెల ముందు నిలబడి ఆమె పైకే మొక్కింది. “రంగు అడుగుత లేను తల్లీ. చెవొక్కటి సూడు.”

సారక్క టోపీ తీసి చేత్తో పట్టుకుని, మళ్ళీ ఎండ గుర్తొచ్చి పెట్టుకుంది.

“మీరు మొక్కుకోలె సారు?” అంది లచ్చమ్మ.

ఎవరి పేరు మీద మొక్కాలో తోచలేదు. మా ఆవిడ ఉన్నప్పుడు ఇలాంటివి ఆవిడే చూసుకునేది. చెప్పులు వేసుకుని జీపెక్కాను.

వరంగల్లు

దవాఖానలో చర్మం డాక్టరు ఒక నడివయసు ఆవిడ. సారక్క చెవిని దీపం కింద పెట్టి చూసింది, వేలితో అంచు నొక్కింది, మెడ కింద తడిమింది. నన్ను చూసింది.

“మీరేమవుతారు ఈ అమ్మాయికి?”

“పోస్టర్లు అంటిస్తానండి.”

ఆవిడ ఆ చుట్టరికం మీద ఎక్కువ వాకబు చెయ్యలేదు. “రేపు పొద్దున కోసి తీస్తాను. ముక్కను పరీక్షకు పంపాలి. కాన్సరు కావచ్చు, కాకపోవచ్చు. ఏదైనా ఇంకా చెవి అంచుకే ఉంది. వచ్చే ఎండాకాలం దాకా ఆగి ఉంటే ఈ మాట అనేదాన్ని కాదు.” సారక్క వైపు తిరిగింది. “చూపించుకోమని నీకెవరు చెప్పారమ్మా?”

సారక్క నా చంకలో మిగిలిన పోస్టర్ల చుట్ట వైపు వేలు చూపించింది. “గీయన.”

డాక్టరు పోస్టరు విప్పించి చూసింది. టామస్‌ను, సారక్కను, ఆకు టోపీని వరసగా చూసింది. “ఈ టోపీ మానకు. ఎండలో పని మాత్రం మానెయ్యాలి.”

“నీడల కైకిలి ఎవలిత్తరమ్మా?” అంది సారక్క. డాక్టరు దగ్గర దానికి మందు లేదు.

మర్నాడు పొద్దున కోత అయింది. నా రైలు మధ్యాహ్నం. చెవికి పెద్ద కట్టుతో సారక్క మంచం మీద కూర్చుని ఉంది. లచ్చమ్మ కింద నేల మీద కూర్చుని సద్ది తింటోంది. నా దగ్గర ఆఖరి పోస్టరు ఒకటే ఉంది. దాన్ని మంచం పక్క గోడకు అంటిస్తానంటే నర్సు గోడ పాడవుతుందంది. యాదగిరి ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడి, ఆమె మేనత్త ఎవరో కనుక్కున్నాడు. గోడ విషయం సద్దుమణిగింది.

“ఆయనకు ఒక మాట చెప్పున్రి సారు,” అంది సారక్క.

“ఎవరికి?”

“గీయనకు. ఈడ గూడ ఒకదాన్ని ఉన్న అని.”

“చెప్తాను,” అన్నాను. మూడో అబద్ధం.

మళ్ళీ కాజీపేట

వెళ్ళేటప్పుడు పెద్ద చుట్ట ఉండేది, ఇప్పుడు చేతులు ఖాళీ. ప్లాట్‌ఫారం మీద కాఫీ అడగలేదు. యాదగిరి రైలు కదిలేదాకా ఉన్నాడు. మడికొండ నుంచి ఖాళీగానే ఉన్న జేబులో కొత్త ఉల్లిగడ్డ పెట్టుకొచ్చాడు. రైలు కదిలాక దాన్ని తీసి కిటికీలోంచి నా చేతికిచ్చాడు.

“ఫికర్ జెయ్యకున్రి సార్. నేను సూసుకుంట.”

ఐదు రోజుల్లో అతను నాతో అన్న మాటలన్నీ ఒక కాగితం మీద పడతాయి. ఆ మాట మాత్రం హైదరాబాదు దాకా వచ్చింది.

ఇల్లు

ఆఫీసు రిపోర్టులో ‘లబ్ధి పొందినవారి సంఖ్య’ అని ఒక గడి ఉంది. ఒకటి అని రాశాను.

“ఒకటేనా?” అన్నారు మా అధికారి.

“ఒకటేనండి.”

ఆయన నా మీద కోప్పడలేదు. కలం తీసి పక్కన మూడు సున్నాలు తనే పెట్టుకున్నారు.

పోస్టరు అడుగున ఉన్న చిరునామాకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. ఫొటోలో ఉన్నాయనకు ఒక కబురుందని, అందజెయ్యమని. చాలా నెలలకు జవాబు వచ్చింది. మా ఆసక్తికి వాళ్ళు ఎంతో సంతోషించారు. ఇంకో ఐదు వందల పోస్టర్లు పంపించారు. ఆయన పేరు మాత్రం రాయలేదు.

మరుసటి ఎండాకాలం, తునికాకు రోజుల్లో, యాదగిరి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అక్షరాలు అతనిలాగే పొదుపు.

“సార్, దండాలు. దొరసాని చెవి మానింది. జెర అంచు పోయింది. పరీక్షల డాక్టరమ్మ అనుకున్న గదేనట, గని మొత్తం తీసేసిన్రట. మూడు నెలలకోపారి దవాఖానకు నేనే తీస్కపోతున్న. కల్లేదారు కొట్టం లోపట కట్టలు లెక్కవెట్టే పని ఇచ్చిండు. కల్లంల ఆడోళ్ళు పదిమంది అసొంటి ఆకుటోపీలే పెట్టుకున్నరు, అన్నీ అదే కుట్టింది. అందరివి ఎనుక పొడుగే. మీ దొర ఎట్లున్నడని అడుగుతాంది.”

కార్డు రెండుసార్లు చదివాను. తర్వాత రెండోసారి వచ్చిన పోస్టర్ల కట్ట విప్పి ఒకటి తీశాను. మైదా ఉడికించాను. నా గదిలో మంచానికి ఎదురుగా ఉన్న గోడకు టామస్‌ను అంటించి, నిటారుగా ఉన్నాడో లేదో చూడడానికి నేనే దూరంగా వెళ్ళి నిలబడ్డాను. కొంచెం ఎడమకు వంగాడు. అలాగే ఉంచాను.

చెప్పవలసిన మాట చెప్పాను. వరంగల్లు అవతల అడవి ఊళ్ళో ఒకామె ఉంది, నీలాగే ఉంటుంది, చెవి మానింది అని. తెలుగులోనే చెప్పాను. టామస్ నవ్వుతూనే ఉన్నాడు. ఏమీ అమ్మకుండానే.

యాదగిరికి జవాబు రాశాను. సారక్క కబురు అందజేశానని, దొర బాగున్నాడని, ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నాడని.

ఇందులో ఒక్క అబద్ధమూ లేదు.